దక్షిణ ధ్రువమున స్కాటు

వైశాఖమాసమున నూజివీడు, చింతలపూడి ప్రాంతములలోని మామిడితోటలు కాపుతో వంగియుండును. ఎండ 40 డిగ్రీలు దాటును. తోట కావలివారు మధ్యాహ్నవేళ చెట్టునీడ విడిచి కదలరు. సరిగా ఆ దినములలోనే భూగోళపు దక్షిణాగ్రమున సూర్యుడే కనబడడు. ఏప్రిల్ చివర క్రుంకిన సూర్యుడు అక్కడి తీరమున మరల ఆగస్టు చివరగాని ఉదయింపడు. ఆ నాలుగు నెలల రాత్రిలో గాలియు మంచును తప్ప వేరొకటి లేదు. ఆ ఖండమునకు అంటార్కిటికా అని పేరు. దాని వైశాల్యము సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా మన భారతదేశమునకు నాలుగు రెట్లకు పైగా నుండును. దానిపై పరచుకొన్న మంచు సగటున 2 కిలోమీటర్ల మందము కలది. అక్కడ పుట్టి పెరిగిన మానవజాతి ఏదియు లేదు. చెట్టు లేదు, చేను లేదు, ఊరు లేదు. అక్కడ నివసింపగోరువాడు ఇల్లు, తిండి, నిప్పు మొదలుకొని సూదిదారము వరకు సమస్తమును ఓడలో వేసికొని పోవలెను.

అట్టిచోట మనుష్యులు ఎట్లు బ్రతికిరి, దినములు ఎట్లు గడపిరి, ఏమి సాధించిరి, ఏల మరణించిరి అను సంగతులన్నియు ఒకచోట తెలిసికొనవలెనన్న రాబర్టు ఫాల్కన్ స్కాటు చరిత్రము చదువవలెను. అతడు మరణించిన కాలమున లోకము అతనిని మహావీరుడని కొనియాడెను. తరువాత అరువది యెనుబది ఏండ్లకు కొందరు గ్రంథకర్తలు అతనిని అసమర్థుడని నిందించిరి. రెండును తొందరపడి చేసిన తీర్పులే యని తోచుచున్నది.

స్కాటు 1868వ సంవత్సరము జూన్ 6వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమున డెవన్‌పోర్టులో జన్మించెను. బాల్యమున బలహీనుడు, పరధ్యానము కలవాడు. పదమూడవ యేట నౌకాదళ శిక్షణ నౌకలో చేరెను. అతడు యువకుడై యుండగా తండ్రి ఆస్తి హరించిపోయెను. 1897లో తండ్రియు, మరుసటి సంవత్సరము తమ్ముడును మరణించిరి. తల్లిని, అక్కచెల్లెండ్రను పోషించు భారము ఒక చిన్న నౌకాధికారి జీతముపై పడెను. 1899లో లండను వీధిలో, ఇంగ్లండు భూగోళశాస్త్ర సంఘాధ్యక్షుడగు సర్ క్లెమెంట్స్ మార్కమ్ అతనికి ఎదురుపడెను. దక్షిణ ధ్రువ ప్రాంతములకు ఒక నౌకను పంపు ప్రయత్నము సాగుచున్నదని ఆయన వలననే తెలిసెను. స్కాటు దానికి నాయకత్వము వహింపగోరి దరఖాస్తు పెట్టుకొనెను. అంతకుముందు మంచు ఖండమును గూర్చి అతనికి ప్రత్యేకమైన ఆసక్తి యేమియు లేదు. పదవిలో వృద్ధి పొందవలెనన్న కోరికయే అతనిని ఆ దారి పట్టించెను.

1901లో డిస్కవరీ అను ఓడపై అతడు బయలుదేరెను. ఆ ఓడ మంచులో గడ్డకట్టుకొనిపోయి రెండు చలికాలములు కదలక నిలిచెను. 1902 డిసెంబరులో స్కాటు, విల్సను అను వైద్యుడు, షాకల్టన్ అను అధికారి కలిసి దక్షిణముగా నడచి 82 డిగ్రీల 17 నిమిషముల అక్షాంశము చేరిరి. అంతవరకు ఎవ్వరును అంత దూరము పోయియుండలేదు. కాని త్రోవలో వారి కుక్కలన్నియు చచ్చెను. మనుష్యులకు స్కర్వీ వ్యాధి తగిలెను. తాజా ఆహారము లేనివారికి చిగుళ్లు వాచి, కీళ్లు బిగిసి, పాత గాయములు మరల తెరచుకొను వ్యాధి యది. విటమిను సి లోపించుటయే దానికి కారణమని ఆ కాలమున ఎవ్వరికిని తెలియదు. కుక్కల బాధ చూచిన స్కాటు మనసు విరిగెను. మనుష్యులే బండ్లు లాగికొనిపోవుట ఘనతరమని అతడు భావింపసాగెను. ఈ అభిప్రాయమునకు తరువాత మిక్కిలి పెద్ద మూల్యము చెల్లింపవలసి వచ్చెను.

1904లో అతడు కీర్తితో స్వదేశము చేరెను. 1908లో కాథ్లీన్ బ్రూస్ అను శిల్పకారిణిని వివాహమాడెను. మరుసటి ఏట వారికి పీటరు అను కుమారుడు కలిగెను. అంతలో షాకల్టన్ వేరుగా పోయి, ధ్రువమునకు 180 కిలోమీటర్ల దూరమునుండి తిరిగివచ్చెను. మిగిలిన దూరమును పూర్తిచేయ స్కాటు నిశ్చయించెను. సుమారు 8,000 మంది తమను కూడ తీసికొనిపొమ్మని వ్రాసికొనిరి. 1910 జూన్‌లో టెరా నోవా అను ఓడ ఇంగ్లండు విడిచెను. అది ఆస్ట్రేలియా చేరుసరికి, నార్వే దేశస్థుడగు అముండ్‌సెన్ కూడ దక్షిణమునకే పోవుచున్నాడని తంతివార్త అందెను.

ఈ యాత్రకు మన దేశముతో కొంత సంబంధము కలదు. వాతావరణ శాస్త్రజ్ఞుడగు జార్జి సింప్సను సిమ్లాలోని భారత వాతావరణ శాఖ ఉద్యోగి. గుఱ్ఱములను చూచుకొనిన ఓట్సు, మధ్య భారతమున మౌ దండులో నుండిన అశ్వికదళాధికారి. పొట్టివాడును మిక్కిలి దృఢకాయుడును అగు బోవర్సు భారత నౌకాశాఖలో పనిచేసి, బర్మాలోని ఐరావతీనదిపై ఓడ నడపినవాడు. ఎండదేశములనుండి వచ్చిన ఈ ముగ్గురును ఆ మంచులో అందరికంటె ఎక్కువ ఉపయోగపడిరనుట విచిత్రము.

1911 జనవరిలో వారు రాస్ ద్వీపమున కేప్ ఇవాన్సు అను చోట దిగి, వెంట తెచ్చిన కొయ్యలతో ఇల్లు కట్టిరి. దాని పొడవు 50 అడుగులు, వెడల్పు 25 అడుగులు. గోడల పలకల నడుమ ఎండిన సముద్రపు నాచును కుట్టిన సంచులను కూర్చిరి. చలిని ఆపుటకు అదియే ఉపాయము. అందులో 25 మంది ఒక చలికాలమంతయు గడపిరి. సామాను పెట్టెలను గోడవలె పేర్చి ఇంటిని రెండు భాగములు చేసిరి. ఒకవైపు అధికారులు, శాస్త్రజ్ఞులు 16 మంది. రెండవవైపు నావికులు, సేవకులు 9 మంది. నౌకాదళపు తారతమ్యములు మంచు ఖండమునకు కూడ ఓడ ఎక్కి వచ్చినవన్నమాట! అయినను, నావికులే ఆ యేర్పాటును కోరుకొనిరనియు, దానివలన ఇరువురికిని స్వేచ్ఛ కలిగెననియు చెప్పుదురు.

ఆ ఇంటిలోని దినచర్య ఒక పాఠశాల దినచర్యవలె క్రమము తప్పక సాగెను. ఉదయమున వంటవాడు క్లిస్సోల్డు ముందుగా లేచి పొయ్యి రాజవేయును. ఓట్సుతో చేసిన జావ, అప్పుడే కాల్చిన రొట్టె, ఒక్కొక్కప్పుడు సీలు అను జలచరము యొక్క మాంసము ఉదయాహారము. సీలు మాంసము మొదట చాలమందికి రుచింపలేదు. కాని అది తినువారికి స్కర్వీ రాదని అనుభవమువలన తెలియుటచే స్కాటు దానిని మానవద్దని పట్టుబట్టెను. చుట్టును లోకములోని మంచినీరంతయు గడ్డకట్టి పడియున్నను, త్రాగుటకు గ్రుక్కెడు నీరు లేదు. ప్రతిదినము గడ్డపలుగుతో మంచు కొట్టి తెచ్చి, కరగించి, వంటకును ముఖము కడుగుకొనుటకును వాడుకొనిరి. స్నానము అరుదు. దీపములకు ఎసిటిలీన్ వాయువు. బొగ్గు లెక్కపెట్టి కాల్చవలెను. ఇల్లంతయు కొయ్య యగుటచే అగ్నిభయము మెండు. అందుచేత రాత్రి ఒక్కొక్కరు వంతువేసికొని మేలుకొనియుండిరి. ఆ మేలుకొన్నవాడు ఆకాశమున మెరయు ధ్రువకాంతులను గమనించి పుస్తకమున వ్రాయును. తన బట్టలు ఉదుకుకొనుటకును అదియే సమయము.

పగలు అను మాటకు అర్థము లేని దినములలో కూడ పనివేళలు మారలేదు. ఓట్సు గుఱ్ఱములను చీకటిలోనే త్రిప్పి తెచ్చును. సింప్సను గాలివేగము, ఉష్ణోగ్రత, వాయుపీడనము కొలుచును. పరికరములు కట్టిన బుడగలను పైకి వదలును. రైటు అను యువకుడు మంచు ఏ విధముగా ఏర్పడునో పరిశీలించును. రాత్రి భోజనమైన పిమ్మట వారమునకు మూడు దినములు ఉపన్యాసములు. ఒకరు మంచుగుట్టలను గూర్చియు, ఒకరు గుఱ్ఱముల పోషణను గూర్చియు చెప్పిరి. పాంటింగు అను ఛాయాచిత్రకారుడు జపాను, బర్మా దేశముల చిత్రములను దీపపు వెలుతురున తెరపై చూపెను. పచ్చని చెట్లను, జనము నిండిన వీధులను ఆ మంచునడుమ కూర్చుండి చూచినవారి మనసు ఎట్లుండెనో ఊహింపుడు. వారు ఒక పత్రికను కూడ నడపిరి. చెర్రీ గారార్డు దానికి సంపాదకుడు, విల్సను చిత్రకారుడు. జూన్ 22న, అనగా చీకటికాలము సగము గడచిన దినమున, పెద్ద విందు చేసికొనిరి. చెట్టే లేని ఆ దేశమున బోవర్సు పుల్లలతోను ఈకలతోను ఒక పండుగ చెట్టును అమర్చెను.

ఇంటి గుమ్మము దాటినచో మరణము ఎంత దగ్గరగా నుండెనో జూలై 4న తెలిసివచ్చెను. వైద్యుడగు అట్కిన్సను, దగ్గరలో గడ్డకట్టిన సముద్రముపై నుంచిన ఉష్ణమాపకమును చూచి వచ్చుటకై మంచుగాలిలో ఒంటరిగా పోయెను. కొంచెము దూరమే. కాని గాలిలో కన్ను తెరువ వీలులేక దిక్కు తప్పెను. గంటలు గడచినను రాలేదు. స్కాటు మనుష్యులను జట్లుగా విభజించి అన్ని వైపులకును పంపెను. అర్ధరాత్రి సమీపించుచుండగా అట్కిన్సను ఒక చేయి మంచుకాటుతో బొబ్బలెక్కి, మతి చెదరినవాడై తిరిగి వచ్చెను. ఒక్క అంకె పుస్తకములో వ్రాయుటకు చెల్లింపవలసిన వెల యెంతయో అందరికిని బోధపడెను. అయినను మరునాడు అంకెలు వ్రాయుట మానలేదు.

అదే చీకటిలో విల్సను, బోవర్సు, చెర్రీ గారార్డు ముగ్గురు చక్రవర్తి పెంగ్విను పక్షి గ్రుడ్లకై కేప్ క్రోజియర్ వరకు అయిదు వారములు నడచిరి. ఆ గ్రుడ్లలోని పిండములను పరిశీలించినచో పక్షుల పుట్టుపూర్వోత్తరములు తెలియునని ఆనాటి శాస్త్రజ్ఞుల ఆశ. శీతలము సున్నకు దిగువ 60 డిగ్రీలకు పోయెను. డేరా వెలుపల తల ఎత్తి నిలిచినచో చెమటతో తడిసిన దుస్తులు క్షణములో ఇనుపరేకువలె బిగుసుకొని, తల దించుటకు వీలులేకపోయెడిది. వారు మూడు గ్రుడ్లతో సజీవులై తిరిగి వచ్చిరి.

ధ్రువయాత్రకు ముందుగానే దారి పొడవున ఆహారపు నిలువలను ఉంచవలెను. 1911 ఫిబ్రవరిలో ఒక టన్ను సామానును 80 డిగ్రీల అక్షాంశమున ఉంచవలెనని సంకల్పము. గుఱ్ఱములు క్షీణించుటచూచి స్కాటు దానిని 79 డిగ్రీల 29 నిమిషములవద్దనే, అనగా అనుకొన్న చోటికి 57 కిలోమీటర్లు ఇవతలనే దింపించెను. గుఱ్ఱములు చచ్చినను సరియే, ముందునకు పోదమని ఓట్సు వాదించెను. స్కాటు జాలి అందుకు ఒప్పుకొనలేదు. ఈ చిన్న సంగతిని పాఠకులు మరువకుందురు గాక.

1911 నవంబరు 1న స్కాటు దక్షిణమునకు బయలుదేరెను. ధ్రువము అక్కడికి సుమారు 1,400 కిలోమీటర్లు. మోటారు బండ్లు త్వరలోనే చెడిపోయెను. గుఱ్ఱములను ఒక్కొక్కటిగా చంపి తినవలసివచ్చెను. బియర్డ్‌మోర్ అను మహాహిమానదము మొదలిటినుండి కుక్కలను వెనుకకు పంపివేసిరి. అటుపై మనుష్యులే నడుమునకు పట్టీలు కట్టుకొని బండ్లు లాగిరి. ఎండిన మాంసమును క్రొవ్వుతో కలిపిన ముద్ద, బిస్కత్తులు, వెన్న, పంచదార, కోకో, తేయాకు, అన్నియు కలిపి మనిషికి దినమునకు ఒక కిలోగ్రాము ఆహారము. అది చాలునని వారు నమ్మిరి. అది సుమారు 4,500 కెలోరీల శక్తి నిచ్చుననియు, అట్టి శ్రమకు 6,000 కెలోరీలకు పైగా కావలెననియు నేటి శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అనగా వారు కడుపునిండ తిన్నామనుకొన్న దినమున కూడ క్షీణించుచునే యుండిరి.

కడపటి దశకు నలుగురిని తీసికొనిపోవలెనని ఏర్పాటు. డేరా, ఆహారపు సంచులు నలుగురికి సరిపడునట్లే కట్టిరి. కాని 1912 జనవరి మొదటివారమున స్కాటు అయిదుగురిని ఎన్నుకొనెను: తాను, విల్సను, ఓట్సు, బోవర్సు, ఎడ్గర్ ఇవాన్సు అను నావికుడు. ఏల అట్లు చేసెనో ఎక్కడను వివరింపలేదు. జనవరి 17న వారు ధ్రువము చేరిరి. అక్కడ అముండ్‌సెన్ నిలిపిన డేరాపై నార్వే పతాకము ఎగురుచుండెను. అతడు 34 దినములు ముందుగా, డిసెంబరు 14ననే, కుక్కల బండ్లపై అచ్చటికి చేరెను. స్కాటు బృందము అక్కడ నిలిచి కొలతలు తీసికొని, ఒక ఛాయాచిత్రము తీసికొని, వెనుదిరిగెను. ఆ చిత్రములోని ముఖములు చూచినవారికి వేరే వర్ణన అక్కరలేదు.

ఫిబ్రవరి 8న, హిమానదము దిగుచుండగా, బక్లీ పర్వతమువద్ద గాలి తగ్గి ఎండ కాసెను. ఆకలి, అలసట, ఓటమి వెంటాడుచున్నను విల్సను కొండరాళ్లను పరీక్షింప మొదలుపెట్టెను. బొగ్గుచారలున్న ఆ రాళ్లలో ఆకుల అచ్చులు స్పష్టముగా కనబడెను. చెట్టేలేని ఖండమున ఆకులు! వారు సుమారు 16 కిలోగ్రాముల రాళ్లను బండిపై వేసికొనిరి. ఒక్కొక్క బిస్కత్తును లెక్కించుకొనుచున్న మనుష్యులు రాళ్లబరువు లాగుట అవివేకమని కొందరందురు. ఆ రాళ్లను విడిచినచో బ్రతికియుందురని చెప్పుటకు ఆధారము లేదు.

ఫిబ్రవరి 17న ఇవాన్సు మరణించెను. నిలువలలోని కిరసనాయిలు డబ్బాలు మూతలలోని తోలు చెడి కారిపోవుటచే ఇంధనము చాలకపోయెను. మార్చినెలలో చలి సున్నకు దిగువ 40 డిగ్రీలకు తగ్గెను. అంత చలిలో మంచు నునుపు కోల్పోయి ఇసుకవలె బండిని పట్టుకొనును. ఓట్సు పాదములు మంచుకాటుతో చెడిపోయెను. తనవలన మిగిలినవారి నడక మందగించుచున్నదని అతడెరుగును. మార్చి 17వ తేదీ ప్రాంతమున, అతని ముప్పదిరెండవ జన్మదినమునకు అటునిటుగా, డేరా విడిచి మంచుతుపానులోనికి నడచిపోయెను. అతని శరీరము ఎన్నడును దొరకలేదు.

మిగిలిన ముగ్గురు ఇంకను కొంత నడచి డేరా వేసిరి. తుపాను వారిని కదలనీయలేదు. ఒక టన్ను నిలువ అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు మాత్రమే. మొదట అనుకొన్నట్లు దానిని 80 డిగ్రీలవద్దనే ఉంచియున్నచో వారు దానిని అంతకుముందే చేరియుందురు. స్కాటు తన తోడివారి తల్లికిని భార్యకును, తన వారికిని ఉత్తరములు వ్రాసెను. కుమారునికి ప్రకృతిశాస్త్రముపై అభిరుచి కలిగింపుమని భార్యను కోరెను. ఆ బాలుడే తరువాత సర్ పీటరు స్కాటు అను పేర పక్షిశాస్త్రజ్ఞుడై, 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధి స్థాపకులలో నొకడయ్యెను. మార్చి 29వ తేదీతో స్కాటు దినచర్య ఆగెను.

చలికాలము గడచిన పిమ్మట అట్కిన్సను నాయకత్వమున అన్వేషకులు బయలుదేరిరి. వారి బండ్లను లాగినవి మన హిమాలయ ప్రాంతముల కంచరగాడిదలు. భారతదేశమునుండి ఓడపై తెప్పించిన ఆ యేడింటిలో గులాబ్, లాల్‌ఖాన్, బేగం, రాణి అను పేర్లు కలవి ఉండెను. 1912 నవంబరు 12న డేరా కనబడెను. దినచర్య పుస్తకములు, వాతావరణపు లెక్కలు, రాళ్లు, అన్నియు చెక్కుచెదరక యుండెను. డేరాను మృతులపై దింపి, దానిపై మంచుగుట్ట పేర్చి తిరిగివచ్చిరి.

తప్పు ఎవరిది? కుక్కలను నమ్మకుండుట, నలుగురి తిండితో అయిదుగురు పోవుట స్కాటు చేసిన తప్పులే. అముండ్‌సెన్ తన పనిని అతనికంటె బాగుగా నేర్చి వచ్చెను. కాని 2001లో సూసన్ సాలమన్ అను వాతావరణ శాస్త్రజ్ఞురాలు నాటి లెక్కలను తరువాతి ఏండ్ల లెక్కలతో పోల్చి, 1912 మార్చి అసాధారణమైన చలిమాసమని నిరూపించెను. ఆమెకు ఆధారమైనవి సింప్సను మొదలగువారు ఆ కొయ్య ఇంటిలో చీకటిలో వ్రాసిన అంకెలును, చనిపోవువారు డేరాలో వ్రాసిన అంకెలును.

ఆ ఇల్లు నేటికిని నిలిచియున్నది. ఇప్పుడు ఆ ఖండమున అనేక దేశముల నివాసములు కలవు. 1956లో నిర్మాణము మొదలిడిన ధ్రువకేంద్రమునకు అముండ్‌సెన్, స్కాటు ఇరువురి పేర్లును పెట్టిరి. భారతదేశపు మొదటి బృందము 1982 జనవరిలో అక్కడ అడుగుపెట్టెను. 1989నుండి మైత్రి, 2012నుండి భారతి అను కేంద్రములలో మనవారు చలికాలములు గడపుచున్నారు. అక్కడ కూడ వాతావరణపు లెక్కలు తప్పవు. జూన్ నడిమి దినమున విందును తప్పదు.

ఆకుల అచ్చులున్న రాళ్లమాట మిగిలియున్నది. 1914లో సీవర్డ్ అను శాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి, అవి గ్లోసాప్టెరిస్ అను చెట్టు ఆకులని తేల్చెను. నాలుకవంటి ఆకు కలదగుటచే ఆ పేరు వచ్చెను. సుమారు 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే అది లోకమున నశించెను. ఆ చెట్టు భారతదేశమునను, ఆస్ట్రేలియాలోను, ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను కూడ పెరిగినది. ఒక సముద్రమును దాటలేని చెట్టు ఇన్ని ఖండములలో ఎట్లు పెరిగెను? ఆ భూములన్నియు ఒకప్పుడు కలిసియుండెను గనుక. మన గోండుల పేరనే ఆ మహాభూమిని గోండ్వానా యందురు. స్కాటు ధ్రువమును సమీపించుచున్న 1912 జనవరిలోనే జర్మనీలో వెగెనర్ అను శాస్త్రజ్ఞుడు ఖండములు కదలునని మొదటిసారి సభలో ప్రకటించెను. లోకము దానిని నమ్ముటకు మరి యేబది సంవత్సరములు పట్టెను.

సింగరేణి బొగ్గును పుట్టించిన అడవులలో ఈ చెట్లే విస్తారముగా నుండెను. గోదావరి లోయలోని ఆ శిలాశ్రేణి దక్షిణముగా సాగి చింతలపూడి మామిడితోటల అడుగునకు కూడ వచ్చినది. భూగర్భశాస్త్రజ్ఞులు అచ్చటి భాగమును చింతలపూడి సబ్ బేసిన్ అని వ్యవహరింతురు. విల్సను ఏరిన రాళ్లు నేటికిని లండనులోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.